పాడేరయితే పనిష్మెంటు, టిమ్మిన్సయితే పీఆరు

మంగళగిరి పెళ్ళిసంబంధాల్లో భూగోళం గుండ్రంగా ఉండదు. ఎవరికి ఎలా కావాలంటే అలా మడతపడుతుంది. ఆ మడతల్లో పాడేరు చంద్రమండలం అవతలికి పోతుంది, టిమ్మిన్స్ మాత్రం వచ్చి తాడేపల్లి పక్కన కూర్చుంటుంది.

పాడేరు గురించి చెప్పక్కర్లేదు. అల్లూరి సీతారామరాజు జిల్లా కేంద్రం. విశాఖపట్నంలో పొద్దున్నే టిఫిన్ చేసి బస్సెక్కితే, ఘాట్ రోడ్డు మలుపులన్నీ తిరిగి మధ్యాహ్నం భోజనాల వేళకి చేరొచ్చు. టిమ్మిన్స్ కెనడాలో, ఒంటారియో రాష్ట్రం ఉత్తరాన ఉంది. టొరంటోలో విమానం దిగాక ఇంకో 700 కిలోమీటర్లు పోవాలి. దారంతా అడవి, చెరువు, మళ్ళీ అడవి, మళ్ళీ చెరువు. టొరంటో నుంచి ఆ దిక్కుకి పోయే ప్యాసింజరు రైలునేమో 2012లో ఆపేశారు. 2021 లెక్కల్లో ఊరి జనం 41,145. అంతకు పదేళ్ళ ముందే మా మంగళగిరి మునిసిపాలిటీ 73 వేలు దాటింది. అంటే మా కుర్రాళ్ళు పాతిక లక్షలు పోసి, పన్నెండు వేల కిలోమీటర్లు ఎగిరి, మంగళగిరి కంటే చిన్న ఊరికి వెళ్తున్నారన్నమాట.

మొన్న మా వీధిలో ఒకరింట అమ్మాయికి సంబంధాలు చూస్తున్నారు. మధ్యవర్తి రెండు బయోడేటాలు తెచ్చాడు. మొదటివాడు ఎంబీబీఎస్, పాడేరు దగ్గర పీహెచ్‌సీలో డాక్టరు. పేరు పూర్తిగా చదవకముందే అమ్మాయి తల్లి చెయ్యెత్తింది.

"ఏజెన్సీనా! పిల్లని అడవిలోకి పంపుతామాండీ? దోమలు, జ్వరాలు, ఫోనుకి సిగ్నలుండదు. రాత్రిపూట ఒంట్లో బాగోకపోతే పెద్దాసుపత్రికి మూడు గంటలు పోవాలి."

"అబ్బాయి డాక్టరే గదమ్మా" అన్నాడు మధ్యవర్తి.

"డాక్టరైతే మాత్రం? ఏం తప్పు చేస్తే అక్కడ పడేశారో!"

రెండోవాడు బీటెక్. ఉత్తర ఒంటారియోలో ఒక కాలేజీలో రెండేళ్ళ డిప్లొమా చేశాడు, కాఫీ కొట్టులో షిఫ్ట్ సూపర్‌వైజరు, పీఆర్, అంటే అక్కడ శాశ్వతంగా ఉండే హక్కు, వచ్చింది. ఆ 'పీఆర్' అన్న రెండక్షరాల దగ్గర తల్లిగారి మొహంలో దీపావళి. ఏ ఊరని అడిగింది. టిమ్మిన్స్ అన్నాడు. టొరంటో పక్కనేనా అంది. "పక్కనేనండీ, వాళ్ళ దేశం పెద్దది గదా, ఆ లెక్కన పక్కనే" అన్నాడాయన. అబద్ధం చెప్పకుండా సంబంధం కుదర్చడం ఎలాగో ఆయన దగ్గర నేర్చుకోవాలి. "బంగారు గనులున్న ఊరట" అని ఓ మాట చేర్చాడు కూడా. "అయితే గ్రాము చవగ్గా దొరుకుతుందా?" అని మూలనున్న బామ్మగారు లేచి కూర్చుంది.

గనుల మాట నిజమే. 1909లో పోర్క్యుపైన్ చెరువు చుట్టుపక్కల బంగారం బయటపడింది, 1912లో గనుల ఆసామి నోవా టిమ్మిన్స్ పేర ఊరు వెలిసింది. హాలింజర్, డోమ్, మెకింటైర్ గనులు తవ్విపోసిన బంగారం మీద బతికిన ఊరది. కాకపోతే మనవాడు తవ్వేది బంగారం కాదు, డోనట్ల ట్రే. ఊరి పేరునీ, టిమ్ హోర్టన్స్ అనే కాఫీ కంపెనీ పేరునీ కలిపేసి "మా అబ్బాయి టిమ్స్‌లో ఉంటాడు" అంటే, ఉండేదీ పనిచేసేదీ రెండూ ఒక్క ముక్కలో వచ్చేస్తాయి. ఆ కంపెనీకి పేరిచ్చిన హాకీ ఆటగాడు పుట్టింది కూడా ఆ దగ్గర్లోని కోక్రేన్‌లోనే. బంధువుల అయోమయానికి ఆ మాత్రం చరిత్ర ఆధారం ఉందిలెండి.

ఇప్పుడు తల్లిగారి అభ్యంతరాలు ఒక్కొక్కటే తీసుకుందాం. అడవి అంది. టిమ్మిన్స్ నగర పరిధి దాదాపు 3,000 చదరపు కిలోమీటర్లు, అందులో ఊరికంటే అడవే ఎక్కువ. దోమలంది. అక్కడ మే నెలాఖరు నుంచి నల్ల ఈగలు లేస్తాయి, చెవి వెనకాల రక్తం కారేలా కరుస్తాయి, అవి తగ్గేలోపు దోమలు డ్యూటీ ఎక్కుతాయి. సిగ్నలంది. ఊరు దాటి హైవే ఎక్కితే చాలాచోట్ల ఫోను వట్టి గడియారం. పెద్దాసుపత్రంది. ఊళ్ళో ఆసుపత్రి ఉంది గానీ, పెద్ద కేసయితే 300 కిలోమీటర్ల అవతలి సడ్‌బరీకో, ఇంకా కిందికి టొరంటోకో పోవాలి. ఫ్యామిలీ డాక్టరు కావాలంటే లిస్టులో పేరు రాయించుకుని, లిస్టు కదిలేదాకా జ్వరం రాకుండా చూసుకోవాలి. డాక్టర్లు ఆ ఊళ్ళకి రామంటారు. ఎందుకు రారంటే సరిగ్గా పాడేరుకి ఎందుకు రారో అందుకే.

ఇక తల్లిగారు మర్చిపోయిన సంగతి చలి. జనవరి రాత్రుళ్ళు మైనస్ 30కి దిగడం అక్కడ వార్త కాదు. మైనస్ 40ని కూడా చూసిన ఊరది. అక్కడిదాకా దిగాక సెంటీగ్రేడా ఫారన్‌హీటా అన్న పేచీ కూడా ఉండదు, రెండు కొలతలూ అక్కడే కలుస్తాయి. మరి మనవాళ్ళ చలి ఓపిక ఎంతో చూడాలంటే డిసెంబరులో మన మన్యంలోని లంబసింగి వెళ్ళాలి. మంగళగిరి నుంచి కారు మాట్లాడుకుని, నలుగురికి ఆరు మంకీ క్యాపులు కొని, తెల్లవారుజామున చెరువులవేనం కొండెక్కి మంచు మేఘాల ముందు ఫోటో దిగి, బొంగులో చికెన్ తిని, "చచ్చాం బాబోయ్, ఇక్కడ మనుషులెలా ఉంటారో" అనుకుంటూ మధ్యాహ్నానికల్లా దిగొచ్చేస్తారు. అక్కడ సున్నా డిగ్రీలు పడితే పేపర్లో ఫోటో. ఆ పేపరు చదివిన చేత్తోనే కొడుక్కి ఫోను చేసి, "ఈ రోజు మైనస్ 34 అట గదరా, భలే!" అంటారు. సొంత రాష్ట్రంలో చలి అయితే వెనకబాటుతనం, కెనడాలో అయితే క్లైమేట్.

కెనడాకీ ఒక పాడేరు ఉంది, మనవాళ్ళకి దాన్నే అమ్ముతున్నారు. ఉత్తరాది ఊళ్ళలో ముసలివాళ్ళు మిగిలి, కుర్రాళ్ళు టొరంటో దారి పట్టి, గనులకీ ఆసుపత్రులకీ కొట్లకీ మనుషులు చాలకపోతే, ఆ దేశం 2019లో గ్రామీణ, ఉత్తర ప్రాంతాల వలస పైలట్ అని ఒక పథకం పెట్టింది. 11 ఊళ్ళను ఎంచితే అందులో అయిదు ఉత్తర ఒంటారియోవే: నార్త్ బే, సడ్‌బరీ, టిమ్మిన్స్, సూ సెయింట్ మేరీ, థండర్ బే. అక్కడి యజమాని ఉద్యోగమిస్తే, ఊరు సిఫారసు చేస్తే, పీఆర్. 2024 ఆగస్టుతో దాన్ని మూసి, 2025 జనవరిలో పేరు మార్చి 14 ఊళ్ళతో ఇంకోటి తెరిచారు. టిమ్మిన్స్ అందులోనూ ఉంది, ఫ్రెంచి మాట్లాడేవాళ్ళ కోసం పెట్టిన మరో పథకంలోనూ ఉంది. తమ పిల్లలు వద్దని వదిలేసిన ఊళ్ళకి 'అవకాశం' అని పేరు పెట్టి వరస కట్టించడమంటే మాటలా! మన ప్రభుత్వానికి అదే ఊరు ఇస్తే 'క్రమశిక్షణా చర్య' అని పేరు పెట్టింది. తేడా పరిపాలనలో లేదు, ప్యాకింగులో ఉంది.

ఆ ప్యాకింగు విప్పి బెజవాడలో చిల్లరగా అమ్మేది కన్సల్టెన్సీలు. బెంజి సర్కిల్ చుట్టుపక్కల ఏ మేడ మెట్లెక్కినా ఒక కెనడా జెండా, దాని కింద మేపుల్ ఆకు, దాని కింద ఐఈఎల్‌టీఎస్ నేర్పే అమ్మాయి. మా కొండమీద పానకాల నరసింహస్వామి నోట్లో ఎన్ని బిందెల పానకం పోసినా సగమే పుచ్చుకుని సగం భక్తుడికే వదులుతాడు. దేవుడికున్న ఆ మొహమాటం కన్సల్టెన్సీకి లేదు. కెనడా వెళ్ళే విద్యార్థి ఏడాది జీవన ఖర్చుకని బ్యాంకులో ముందే చూపించాల్సిన సొమ్ము 2024 జనవరి 1న 10,000 డాలర్ల నుంచి ఒక్కసారిగా 20,635కి ఎగబాకింది. అదే నెలలో స్టూడెంట్ పర్మిట్లకి పరిమితి పెట్టి మూడోవంతు పైగా కోసేశారు. అయినా బోర్డుల మీద 'ఈజీ' అన్న మాట చెరగలేదు. రాజధాని పూలింగులో వచ్చిన ప్లాటు అమ్మి ఆ ఈజీని కొన్న ఇళ్ళు మా చుట్టూ ఉన్నాయి. నోటి ముందరున్న అమరావతిలో జాగా అమ్ముకుని, ఆర్కిటిక్ గాలి తగిలే చోట బేస్‌మెంటు అద్దెకి తీసుకోవడాన్ని మా వాళ్ళు దూరదృష్టి అంటారు. 12,000 కిలోమీటర్లు కనిపించేటప్పుడు దూరదృష్టే మరి.

ఈ యాత్రలో నాకు మహా ముచ్చటేసేది ప్రమాణాలు. స్టూడెంట్ వీసాకి పెట్టే ఉత్తరంలో కుర్రాడు "చదువు కాగానే మాతృదేశానికి తిరిగొచ్చి మా నాన్నగారి వ్యాపారాన్ని విస్తరిస్తాను" అని రాస్తాడు. నాన్నగారి వ్యాపారం రిటైరయ్యాక తీసుకున్న ఇన్సూరెన్స్ ఏజెన్సీ. ఆ కుటుంబానికి తెలిసిన ఏజెన్సీ అదొక్కటే. తిరిగిపోతాడన్న నమ్మకం ఆఫీసరుకి కలక్కపోతే వీసా రాదు. సరే, నమ్మించి వెళ్ళాడు, చదివాడు. పీఆర్ దరఖాస్తు దగ్గర ప్రమాణం తిరగబడుతుంది. ఇప్పుడు ఆ ఊళ్ళోనే కాపురం పెట్టే ఉద్దేశం ఉందని చెప్పాలి. మంచు చూస్తే కవిత్వం వస్తుందనీ, గనుల ఊరి ఆప్యాయత తన రక్తంలో ఇంకిపోయిందనీ చెబుతాడు. పీఆర్ కార్డు చేతికొస్తుంది. ఆ దేశపు రాజ్యాంగం పీఆర్ ఉన్నవాడికి ఏ రాష్ట్రంలోనైనా ఉండే హక్కు ఇచ్చింది. ఆ హక్కు సంగతి గుర్తొచ్చిన వారంలోనే రక్తంలో ఇంకిన ఆప్యాయత బయటికొచ్చి, అద్దె ట్రక్కెక్కి టొరంటో పక్కనున్న బ్రాంప్టన్ చేరుతుంది.

కాస్త ఆగి న్యాయం మాట్లాడుకుంటే, పాడేరు డాక్టరు కూడా ఇంతే. బదిలీకని ఎమ్మెల్యే సిఫారసు ఉత్తరం కోసం తిరుగుతాడు, పీజీ కోటాకి కావలసిన సర్వీసు పూర్తికాగానే కొండ దిగుతాడు. కాకపోతే అతను ఈ మన్యమంటే తనకి ప్రాణమని ఎవరికీ సంతకం పెట్టివ్వలేదు.

అందరూ పారిపోరు. ఉండిపోయి పిల్లల్ని పెంచుకుంటున్న తెలుగు కుటుంబాలు ఆ ఉత్తరాది ఊళ్ళన్నిటా కొద్దో గొప్పో ఉన్నాయి. వాళ్ళని చూసి నవ్వడానికి నాకు మనసొప్పదు, వాళ్ళ పొద్దుటి హడావిడి చూసి మాత్రం నవ్వొస్తుంది. నాలుగేళ్ళ పిల్లని బడికి పంపాలి. లోపల థర్మల్, పైన ప్యాంటు, చొక్కా, స్వెటరు, దానిమీద దూదిబస్తా లాంటి స్నో ప్యాంటు, జాకెట్టు, మెడకి గొట్టం, చెవులకి టోపీ, వేళ్ళు లేని చేతి తొడుగులు, మోకాళ్ళ దాకా బూట్లు. చివరి జిప్పు గడ్డం దాకా లాగాక, ఆ మూటలోంచి సన్నగా వినిపిస్తుంది: "అమ్మా, ఒకటికి." బయట కారు ముక్కులోంచి ప్లగ్గు వేలాడుతుంటుంది. రాత్రంతా ఇంజన్ని కరెంటుతో వెచ్చబెట్టాలి, లేకపోతే పొద్దున అది నోరు మెదపదు. మర్చిపోయి ప్లగ్గు పీక్కుండా బయల్దేరితే గోడా కారూ కాసేపు తాడులాగుతాయి.

పురిటికో పిల్లల్ని చూడ్డానికో మంగళగిరి నుంచి అమ్మమ్మ వెళ్తుంది. ఆవిడకిచ్చేది సూపర్ వీసా. లక్ష డాలర్ల ఆరోగ్య బీమా కట్టిస్తే ఒక్క విడతలో అయిదేళ్ళ దాకా ఉండొచ్చు. ఆ పేరులో సూపర్ అన్న ముక్క ఎవరిని ఉద్దేశించిందో నవంబరులో తెలుస్తుంది. నిజాం అంచు మంగళగిరి చీర మీద అల్లుడి పాత కోటు, కింద పడవల్లాంటి బూట్లు. సాయంత్రం అయిదు కాకుండానే చీకటి. దీపం పెట్టాలో పడుకోవాలో తెలియదు. ఉగాదికి పెరట్లో నడుము లోతు మంచు, పచ్చడిలోకి వేపపువ్వు ఫ్రీజర్లోంచి తీసింది. ఒకప్పుడు మన్యంలోని చింతపల్లిలో టీచరుగా వేశారని సొంత తమ్ముడి దగ్గరకి నాలుగు రోజులు పోవడానికి ఒప్పుకోని మనిషి ఆవిడ. "అక్కడ తోచదురా" అంది.

అక్కడి సర్కారు పిల్లలకి డబ్బులిస్తుంది. ఆదాయాన్ని బట్టి ఆరేళ్ళలోపు బిడ్డకి 2025-26లో ఏడాదికి 7,997 డాలర్ల దాకా వస్తుంది. ఈ సంగతి చెప్పేటప్పుడు మా వీధి అరుగు మీద గొంతులు గద్గదమవుతాయి: "అదీ సిస్టమంటే! పిల్లల్ని దేశం పెంచుతుంది." అదే నోళ్ళు మన రాష్ట్రం బడి పిల్లల తల్లులకి డబ్బులిచ్చే పథకాన్ని అమ్మ ఒడి అన్నప్పుడూ ఆడిపోసుకున్నాయి, తల్లికి వందనం అన్నప్పుడూ ఆడిపోసుకున్నాయి. పార్టీ ఏదైనా సరే, "ఊరికే పంచి సోమరిపోతుల్ని చేస్తున్నారు" అన్న వాక్యం మారలేదు. పాడేరు తల్లికి పదమూడు వేల రూపాయలిస్తే ఖజానా ఖాళీ, టిమ్మిన్స్ కోడలికి ఏడు వేల డాలర్లిస్తే నాగరికత.

ఇంకో వినోదం. ఒంటారియోలో చాలా బళ్ళలో పొద్దున్నే మైకులో ఒక మాట చదువుతారు: ఈ నేల ఫలానా ఆదివాసీలది, మేము దానిమీద ఉన్నాం. టిమ్మిన్స్ ఉన్నది తొమ్మిదో ఒడంబడిక నేల. 1905, 1906ల్లో ఆదివాసీల చేత దానిమీద సంతకాలు పెట్టించారు, మూడేళ్ళు తిరక్కుండానే బంగారం బయటపడింది. ఒడంబడిక ప్రకారం వాళ్ళకిచ్చేది తలకి ఏడాదికి 4 డాలర్లు. ఇవాళ్టికీ ఆ నాలుగే. మనవాడి కొట్లో ఒక కాఫీ, కలిసొస్తే ఒక డోనట్. మన పిల్లలు ఆ మాట వింటూ బుద్ధిగా నిలబడతారు, ఇంట్లో తల్లిదండ్రులు "ఎంత సంస్కారమో చూడు" అని వాట్సాప్‌లో పెడతారు. ఆ వాట్సాప్ గ్రూపులోనే మైదానం పెద్దమనుషులు, ఏజెన్సీలో గిరిజనేతరులు భూమి కొనకూడదన్న 1/70 చట్టం వల్ల అరకులో రిసార్టు ప్లాటు రిజిస్ట్రేషన్ కావట్లేదని ఏడుస్తుంటారు. ఏజెన్సీ బళ్ళలో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న జీవో 3 సుప్రీంకోర్టు దాకా పోయి 2020 ఏప్రిల్‌లో కొట్టుడుపోయింది. పోస్టు కావాలి, ఊరు వద్దు. భూమి కావాలి, భూమి మీది మనుషులు మైకులో వినిపిస్తే చాలు.

టిమ్మిన్స్‌లో బతుకు సాగడానికి కారణం మాత్రం ఒక్క వాక్యంలో చెప్పొచ్చు. రాత్రి మంచు పడితే తెల్లారేలోపు దాన్ని తోసే బండి వస్తుంది, పసుపు రంగు బడి బస్సు వస్తుంది, ప్రాణం మీదికొస్తే విమానం అంబులెన్సు వస్తుంది. మన మన్యంలో 1922లో జనం తిరగబడ్డ కారణాల్లో ఒకటి రోడ్డు వెట్టి. కూలి ఎగ్గొట్టి వాళ్ళ చేత రోడ్డు వేయించారు. నూరేళ్ళు దాటినా ఆ రోడ్డు ఇంకా చాలా గూడేలకి చేరనేలేదు, నొప్పులొచ్చిన ఆడమనిషిని ఇప్పటికీ డోలీ కట్టి మోస్తున్నారు. అక్కడి డాక్టర్ని సంబంధానికి వద్దన్న తల్లిగారు ఈ రోడ్డు గురించి ఎప్పుడైనా ఒక్క ఎమ్మెల్యేని అడిగి ఉంటే, ఇవాళ అల్లుడు ఒక్క రాత్రి ప్రయాణం దూరంలో ఉండేవాడు.

అడగరు గనక నాదొక ప్రతిపాదన. రాష్ట్ర ప్రభుత్వం వెంటనే 'ఉత్తరాంధ్ర వలస పైలట్' ప్రకటించాలి. ఏజెన్సీ పోస్టింగ్ అన్న మాట రికార్డుల్లోంచి తుడిచేయాలి, ఇకనుంచి దాని పేరు పాడేరు పీఆర్. ఫీజు పాతిక లక్షలకి తగ్గకూడదు. తక్కువైతే మంగళగిరిలో ఎవరూ నమ్మరు. కువిలోనో ఆదివాసీ ఒడియాలోనో వినడం, మాట్లాడడం పరీక్ష, ఆరుకి తగ్గితే మళ్ళీ కట్టి మళ్ళీ రాయాలి. వేలిముద్రలకి నర్సీపట్నం రావాలి, అపాయింట్‌మెంటు మాత్రం మూడు నెలల తర్వాత దొరకాలి. ఏడాది ఖర్చు ముందే పాడేరు బ్యాంకులో వేసి చూపించాలి. చిన్నప్పటినుంచీ కాఫీ తోటలంటే తనకెందుకంత ఇష్టమో వెయ్యి మాటల్లో ఉత్తరం రాయాలి. కోటా ఏడాదికి 14 మంది, అదీ లాటరీ. పది దరఖాస్తుల్లో ఆరింటిని కారణం చెప్పకుండా తిప్పికొట్టాలి.

ఆర్నెల్లు చాలు. బెంజి సర్కిల్లో మేపుల్ ఆకులు దిగి అడ్డాకులెక్కుతాయి. 'మాడుగులలో మాక్ ఇంటర్వ్యూలు, పాడేరు గ్యారంటీ' అని బస్సుల వెనక రాస్తారు. స్కోరు చాలక, లాటరీ తగలక మిగిలిపోయిన పిల్లలు నిరుత్సాహపడనక్కర్లేదు. వాళ్ళకి బ్యాకప్ ఆప్షన్ కింద కెనడా ఎలాగూ ఉంటుంది.